ఇంటా వంటా లేని జబ్బు

తొనీర్‌లోకి వంగిన జారుహి పైకి లేవలేదు. నేలలో పాతిన ఆ మట్టి పొయ్యి అంచున మోకాళ్ళ మీద కూర్చుని, చేతిలోని గుడ్డ మెత్త మీద సాగదీసిన పిండిరేకును లోపలి గోడకు చరిచింది. చరిచిన చెయ్యి వెంటనే వెనక్కి తీసుకోవాలి. తీసుకోకుండా ఆ సెగలోనే ఆగిపోయింది. గోడకంటిన లవాష్ రొట్టె బుడగలు పొంగి, అంచులు ఎర్రబడి, మాడు వాసన మొదలైంది. ఇనప కొక్కెంతో దాన్ని పైకి లాగవలసిన సిరానుష్, రొట్టెను వదిలేసి కోడలి మొహంలోకి చూసింది.

"వచ్చిందా?" అంది.

జారుహి పళ్ళు బిగించి ఊపిరి పట్టింది.

"వచ్చింది," అని సిరానుష్ తనే చెప్పేసింది. "సరస్సు మీద గాలి తిరిగిందంటే వస్తుందని నిన్ననే అన్నానా లేదా? నొయెమ్, ఆ చెయ్యి పట్టుకో. లేవదీద్దాం."

పొరుగింటి నొయెమ్ అప్పడాల కర్ర పక్కన పడేసి లేచింది. చలికాలానికి సరిపడా లవాష్ కాల్చి పెట్టుకునే రోజులవి. ఇవాళ ఒకరింట్లో, రేపు ఇంకొకరింట్లో ఆడవాళ్ళంతా చేరి కాలుస్తారు. ఇవాళ వంతు సిరానుష్‌ది. గోడవారగా పరిచిన దుప్పటి మీద రొట్టెలు మోకాలెత్తు పేరుకున్నాయి. కాల్చాల్సిన పిండి ఇంకా సగం తొట్టెలోనే ఉంది. పొయ్యి దగ్గర చరిచే మనిషి లేచిపోతే అందరి పనీ ఆగినట్టే.

"అత్తా," అంది జారుహి, ఇద్దరి మధ్యా వంగి నిలబడి. "ఇది అది కాదు."

"ఏది ఏది కాదు?"

"ఈ నొప్పి నాది కాదు. నాదైతే ముందు చలి పుడుతుంది. ఒళ్ళు కాలిపోతుంది. ఆ తర్వాత పొట్టంతా ఒక్కసారి చెక్కలా బిగుస్తుంది. ఇది పొద్దున బొడ్డు చుట్టూ మొదలైంది. ఇప్పుడు ఇటు దిగింది." కుడి పక్కకు, తుంటి ఎముక పైన చెయ్యి పెట్టింది.

"అటు కాకపోతే ఇటు. ఏ దారిన రావాలో దానికి నువ్వు చెప్తావా? పద, పడుకో. మాత్ర వేసుకో. మూడో రోజుకి లేచి తిరుగుతావు."

"మాత్ర రోజూ వేసుకుంటూనే ఉన్నాగా."

"ఇంకోటి వేసుకో."

కోడలిని మంచం ఎక్కించి, దుప్పటి కప్పి, కాళ్ళ దగ్గర వేడి ఇటుక గుడ్డలో చుట్టి పెట్టి సిరానుష్ తిరిగి వచ్చింది. మోకాళ్ళు సహకరించకపోయినా, మూలుగుతూ పొయ్యి అంచున తనే కూర్చుంది. నొయెమ్ పిండి ముద్దను కర్రతో వొత్తి అందిస్తూ, ఊరుకోలేక కదిపింది.

"వదినా, పోయినేడాది ఇదే కొట్టంలో ఏమన్నావో గుర్తుందా? 'పొయ్యి ముందు కూర్చోమంటే కడుపునొప్పి, పళ్ళెం ముందు కూర్చోమంటే ఆకలి' అన్నావు. 'పుట్టింటి నుంచి పెట్టె నిండా నాటకాలు తెచ్చుకుంది' అన్నావు."

"అప్పుడు తెలీదు. ఇప్పుడు తెలిసింది."

"తెలిశాక కదా మాకు కష్టాలు మొదలైంది," అంది నొయెమ్. మిగతా ఇద్దరు ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు.

ఆ మాటలో అబద్ధం లేదు. పోయిన చలికాలం మనవరాలు మానె జ్వరంతో కాలిపోతే రాజధాని యెరెవాన్ తీసుకెళ్ళారు. అక్కడి డాక్టరు ఇంటిల్లిపాది నెత్తురూ పరీక్ష చేయించి, ఇది కొన్నాళ్ళకోసారి వచ్చి పోయే వాయిదాల జబ్బనీ, పిల్లకు తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ రెండు పాళ్ళూ వచ్చిందనీ, ఆ తండ్రి పాలు నాయనమ్మదేననీ తేల్చి చెప్పాడు. ఇంకొకరైతే సిగ్గుతో తల దించుకునేవారు. సిరానుష్ అలాంటి మనిషి కాదు. ఇన్నేళ్ళూ కోడలి నాటకమన్న జబ్బును రాత్రికి రాత్రి తమ వంశం నగలా మెడలో వేసుకుంది. ఊళ్ళో ఎవరికి కడుపు నొప్పి వచ్చినా పిలవకుండానే వెళ్ళి కూర్చునేది.

"మన ఒంట్లో కాపలా కుక్క ఉంటుంది నొయెమ్," అని రొట్టె చరుస్తూ, ఇంట్లో అందరికీ కంఠతా వచ్చేసిన పాటే అందుకుంది. "అందరి ఒంట్లోనూ ఉంటుందనుకో. మన కుక్క వేరు. దొంగ రాకపోయినా మొరుగుతుంది. మొరిగి మొరిగి మూడో రోజుకి పడుకుంటుంది. ఎప్పుడో తాతలనాడు పెద్ద పెద్ద మహమ్మారులు వచ్చినప్పుడు అలాంటి కుక్క ఉన్నవాళ్ళే బతికి బట్టకట్టారేమో అన్నాడు డాక్టరు. అందుకే మనలో మిగిలింది. మనలో, టర్కుల్లో, యూదుల్లో, అరబ్బుల్లో. రష్యావాడిలో దీపం పెట్టి వెతికినా దొరకదు."

"ఆ గొప్ప కూడా మనకేనా?"

"గొప్ప కాకపోతే పోనీ. రష్యాలో, ఆ క్రాస్నోదార్‌లో మా తమ్ముడు హ్రాంత్‌కి ఏమైంది? కడుపునొప్పని వెళ్తే ఆ డాక్టర్లకి ఈ జబ్బంటేనే తెలీదు. కోశారు. లోపలేమీ లేదు, కుట్టారు. రెండేళ్ళకి మళ్ళీ నొప్పొచ్చింది, మళ్ళీ కోశారు. అదే ఇక్కడైతే? చంటిపిల్లాడినడిగినా చెప్తాడు. మనవాళ్ళని మనవాళ్ళే చూడాలి."

పిండి అయిపోయేసరికి చీకటి పడింది. సిరానుష్ లోపలికి వెళ్ళి చూస్తే జారుహి గోడవైపు తిరిగి, కుడి మోకాలు పొట్టకు ముడుచుకుని పడుకుంది. మంచం కింద గిన్నెలో వాంతి. ఒళ్ళు వెచ్చబడింది.

"జ్వరం రాలేదన్నావు, వచ్చిందిగా," అంది సిరానుష్, లెక్క సరిపోయిన మనిషిలా తేలికపడి.

మర్నాడు జారుహి ఆసుపత్రికి వెళ్ళి తీరతానని పట్టుబట్టింది. అరిచి కాదు. మొగుడు ఆర్తక్ బంగాళాదుంపల మూటలు కొట్లో వేసి వచ్చేసరికి, కోటు తొడుక్కుని, గోడ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఆర్తక్ తల్లి వైపు చూశాడు. ఏ విషయంలోనైనా ముందు తల్లి వైపు చూడటం అతనికి అలవాటు.

"తీసుకెళ్ళు," అంది సిరానుష్. "డాక్టరు చెప్తేనైనా నమ్ముతుంది. నేనూ వస్తా."

పాత నీవా కారులో ముందు సీటు సిరానుష్‌ది. వెనక జారుహి పడుకుంది. గతుకు వచ్చినప్పుడల్లా గొంతులోంచి చిన్న చప్పుడు చేస్తోంది. దారిలో సిరానుష్ తమ్ముడికి ఫోన్ కలిపి, అందరికీ వినిపించేలా పెట్టింది.

"కత్తి దగ్గరికి మాత్రం వెళ్ళనివ్వకు అల్లుడూ!" క్రాస్నోదార్ నుంచి హ్రాంత్ గొంతు కారంతా నిండింది. "నా పొట్ట చూస్తే గోనెసంచి కుట్టినట్టుంటుంది. రెండోసారి కోసినప్పుడు అడిగాను, అయ్యా, ఊరికే కుట్టడమెందుకు, జిప్పు పెట్టెయ్యండి అని."

సిరానుష్ పడీపడీ నవ్వింది. ఆర్తక్ కూడా నవ్వాడు. వెనక నుంచి, "నాకు కోతంటే సరదా కాదు మామయ్యా," అన్న మాట ఫోన్ దాకా చేరలేదు.

పట్టణంలో ఆసుపత్రి చిన్నది. డాక్టర్ గెవోర్గ్ జుట్టు నెరిసినవాడు, నెమ్మదస్తుడు. సిరానుష్‌ని ఎరుగున్నవాడే. వేసవిలో ఆవిడ ఇద్దరు పొరుగువాళ్ళని వెంటబెట్టుకొచ్చి, జబ్బు పేరు తనే చెప్పి, అది నిజమేనని ఆయనచేత అనిపించుకుని వెళ్ళింది. ఆయన జారుహిని బల్ల మీద పడుకోబెట్టి పొట్ట నొక్కాడు. నొక్కినప్పటికంటే చెయ్యి తీసినప్పుడు ఆమె ఎక్కువ అదిరిపడింది.

"ఎప్పటిలాంటి నొప్పేనా అమ్మా?"

"కాదండీ..."

"అదే డాక్టర్ గారూ," అంది సిరానుష్. "నెలకో, రెండు నెలలకో వస్తుంది. మూడు రోజులు. నిన్న పొద్దున మొదలైంది. పిల్లకీ ఉంది. మా వైపూ ఉంది. యెరెవాన్‌లో నెత్తురు పరీక్షలో తేలింది."

"ఈసారి కుడి పక్కనండీ," అంది జారుహి. "ముందు నొప్పి, తర్వాత జ్వరం. ఎప్పుడూ జ్వరమే ముందు."

"ఒక్కోసారి ఒక్కోలా వస్తుందిలే," అన్నాడు గెవోర్గ్, చేతులు కడుక్కుంటూ. "తెల్లకణాలు ఎక్కువున్నాయి. ఆ జబ్బులోనూ ఉంటాయి. పొట్ట గట్టిగా ఉంది. ఆ జబ్బులోనూ ఉంటుంది. స్కానింగ్ చూసే ఆవిడ సోమవారం గానీ రాదు. నేను ఈ ఉద్యోగంలో చేరిన కొత్తలో, అమ్మా, ఇలాంటి పొట్టలు ఎన్ని కోశామో లెక్కలేదు. అన్నిట్లోనూ ఏమీ లేదు. ఇప్పుడు బుద్ధొచ్చింది. జబ్బు ఉందని తెలిశాక తొందరపడి కత్తి పట్టం."

"విన్నావా?" అంది సిరానుష్.

"ఈసారి నిజంగా దొంగే వచ్చాడేమో అత్తా," అంది జారుహి, కప్పు వైపు చూస్తూ.

డాక్టరుకి అర్థం కాలేదు. సిరానుష్‌కి అర్థమైంది గానీ, తన ఉపమానాన్ని తన మీదే తిప్పడం నచ్చక మొహం పక్కకు తిప్పుకుంది. గెవోర్గ్ నొప్పి తగ్గే ఇంజక్షన్ ఒకటి చేయించి, ఎక్కువైతే మళ్ళీ తీసుకురమ్మన్నాడు. తిరుగుదారిలో జారుహి ఒక్క మాట కూడా మాట్లాడలేదు. అలిగిందనుకుంది సిరానుష్. అలిగితే అలగనీ, పొట్ట మీద గాటు పడకుండా కాపాడిన పుణ్యం నాది అనుకుంది. నిజంగానే అలా అనుకుంది. అందులో కపటమేమీ లేదు.

మూడో రోజు పొద్దున నొప్పి పోయింది.

జారుహి తనే చెప్పింది. మంచం మీద లేచి కూర్చుని, చెయ్యి పొట్ట మీద పెట్టుకుని, నమ్మలేనట్టు, "ఆగిపోయింది," అంది. "తెల్లారుజామున ఏదో తెగినట్టయింది. అంతే, ఆగిపోయింది."

సిరానుష్ ఆనందం అంతా ఇంతా కాదు. "మూడో రోజు!" అని చప్పట్లు చరిచింది. ఆర్తక్ ఊపిరి పీల్చుకుని దుంపల లోడుతో బయల్దేరిపోయాడు. సిరానుష్ మానెకి తలదువ్వి బడికి పంపింది. దడి దగ్గరికి వెళ్ళి అవతల పశువులకు మేత వేస్తున్న నొయెమ్‌ని కేకేసి మరీ చెప్పింది.

"గడియారం పెట్టుకోవచ్చు నొయెమ్, దీన్ని చూసి. ఏమన్నాను? మూడో రోజన్నానా?"

"నువ్వన్నాక తప్పుతుందా వదినా!"

పెరుగులో గోధుమలు ఉడికించి జావ కాచింది సిరానుష్. కొత్త లవాష్ తీసి, పొయ్యి మీద వెచ్చబెట్టి, లోపల జున్నుముక్క, కొత్తిమీర, కాస్త వెన్న పెట్టి చుట్టింది. ఇన్నేళ్ళలో కోడలికి తన చేత్తో ఇలా చుట్టి ఇచ్చిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. జారుహి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది. రొట్టె అందుకుంది. ఒళ్ళో పెట్టుకుంది.

"తిను."

"తింటా అత్తా."

సిరానుష్ జావ గిన్నె తెచ్చేసరికి రొట్టె ఒళ్ళోనే ఉంది. కోళ్ళకు గింజలు చల్లి వచ్చింది. అప్పటికీ ఒళ్ళోనే ఉంది. వెన్న కరిగి అంచున కారి గౌను మీద మరక పడింది. జారుహి దాన్ని చూస్తోంది గానీ తుడుచుకోవడం లేదు.

నాలుక చివరికి వచ్చేసింది ఆ పాత మాట. చేసిపెడితే తినడానికి కూడా బతిమాలించుకోవాలా, నాటకాలు కాకపోతే! నోరు తెరిచింది కూడా. అంతలో ఏదో అడ్డుపడింది.

జబ్బు వదిలిన రోజున జారుహి ఎప్పుడూ తినేది. అలాంటిలాంటి తిండి కాదు. మూడు రోజులు మూలిగిన మనిషి నాలుగు రొట్టెలూ గిన్నెడు జావా తిని, కుండలో పెరుగు వెతుక్కునేది. సిరానుష్‌కి అది బాగా తెలుసు. ప్రేమతో గమనించి కాదు. నాటకం ఎక్కడ బయటపడుతుందా అని కాచుకుని చూసేది. తిన్న ప్రతి ముక్కా లెక్కపెట్టి నొయెమ్‌కి చెప్పేది, నొప్పట నొప్పి, తోడేలులా తిన్నది అని. అలా కసితో దాచుకున్నదే ఇప్పుడు ఎదుట నిలబడి అడ్డుపడింది. ఈ మనిషి తినడం లేదు.

"ఇటు చూడు," అంది.

జారుహి చూసింది. మొహం బూడిదరంగుకు తిరిగింది. కళ్ళు లోపలికి పోయాయి. సిరానుష్ నుదుటి మీద చెయ్యి వేసింది. చల్లటి చెమట. మణికట్టు పట్టుకుంటే నాడి పరుగులు పెడుతోంది. పొట్ట మీద చెయ్యి పెట్టింది. తలుపు చెక్క మీద పెట్టినట్టే ఉంది. నొప్పి పోయిన పొట్ట మెత్తబడాలి కదా! జారుహి ఎక్కిళ్ళు పెట్టింది.

"నొప్పి లేదు కదే?"

"పొద్దున లేదు. ఇప్పుడు మళ్ళీ... అంతటా ఉంది. ఎక్కువ లేదు. నాకు నిద్రొస్తోంది అత్తా."

మొన్న కొట్టంలో జారుహి చెప్పింది. నిన్న డాక్టరు ముందు చెప్పింది. రెండుసార్లూ ఆ పిల్ల నోట్లో మాట నోట్లోనే నొక్కేసింది తనే. గెవోర్గ్‌కి ఏం తెలుసు పాపం, ఆయన తను చెప్పిందే విన్నాడు. సిరానుష్‌కి ఏడుపు రాలేదు. ఆర్తక్‌కి ఫోన్ చేసి, "ఎక్కడున్నా సరే వెనక్కి రా," అని మాత్రం అంది.

సరస్సు పక్క రోడ్డు చీలే చోట ఆర్తక్ బండిని పట్టణం వైపు తిప్పబోయాడు.

"అటొద్దు," అంది వెనక సీటు నుంచి సిరానుష్. ఈసారి వెనక కూర్చున్నది ఆవిడ. జారుహి తల ఆమె ఒళ్ళో ఉంది. "యెరెవాన్ దారి పట్టు. ఆ దారిలో ఉందిగా పెద్దాసుపత్రి, అక్కడికి పోనీ."

"అమ్మా, పట్టణం ఇక్కడే! అది గంటన్నర!"

"అక్కడ గెవోర్గ్ ఏమంటాడో నీకు తెలీదా? మూడో రోజంటాడు. తగ్గిపోతుంది కూర్చోండంటాడు. ఆయన్ని అలా నమ్మించి వచ్చింది నేనే. నేనిప్పుడు కాదంటే ఎవరు వింటారురా? కంగారుపడుతున్న ముసలిదనుకుంటారు. పోనీ, పోనీ."

ఆర్తక్ ఆమెను అద్దంలో చూశాడు. తల్లి ఇలా మాట్లాడటం అతనెప్పుడూ వినలేదు. గేరు మార్చి యెరెవాన్ దారి పట్టాడు. ఎడమ పక్క సరస్సు నల్లగా ఉంది. దారంతా సిరానుష్ కోడలి చెంపలు తడుతూనే ఉంది. "పడుకోకే. పడుకోకు. మానె పేరు చెప్పు. మీ అమ్మ పేరు చెప్పు. నన్ను తిట్టు, పోనీ. తిట్టవే. ఇన్నాళ్ళూ మింగినవన్నీ ఇప్పుడు తిట్టు." జారుహి కళ్ళు సగం తెరిచి, ఓపిక లేదన్నట్టు మళ్ళీ మూసింది.

పెద్దాసుపత్రిలో ఆ పూట ఉన్న సర్జన్ చిన్నది, ముప్పై ఏళ్ళుంటాయేమో. పేరు సోనా. జుట్టు బిగించి కట్టుకుని, రబ్బరు చెప్పులతో పరుగులాంటి నడకతో వచ్చింది. జారుహి కనురెప్ప ఎత్తి చూసింది. రక్తపోటు చూసిన నర్సు చెప్పిన అంకె విని పెదవి కొరికింది. పొట్ట నొక్కింది.

"ఎప్పుడు మొదలైంది?"

"మొన్న పొద్దున," అంది జారుహి. "బొడ్డు దగ్గర. తర్వాత కుడివైపు దిగింది. ఇవాళ తెల్లారుజామున ఆగింది. ఇప్పుడు పొట్టంతా..."

"మూడో రోజు ఆగిందా?" డాక్టర్ సోనా చేతులు ఆగాయి. మొహంలో తొందర కాస్త తగ్గింది. తమ దేశంలో ఏ డాక్టరైనా తర్వాత అడిగే ప్రశ్న ఏమిటో సిరానుష్‌కి తెలుసు. తనే ఎంతమందికి నేర్పలేదు! "వాయిదాల జబ్బుందా మీ ఇంట్లో?"

ఆర్తక్ నోరు తెరవబోయాడు. సిరానుష్ అతని మోచెయ్యి పట్టుకుని గోరు దిగేలా నొక్కింది.

"లేదు," అంది. "ఇంటా వంటా లేదు."

"అమ్మా..."

"నువ్వూరుకో. ఆడవాళ్ళ ఒంటి సంగతి నీకేం తెలుసు?"

సోనా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "చూడండి, ఉంటే చెప్పండి. ఉంటే ఇంకోలా చూస్తాం, ఆగి చూస్తాం. లేకపోతే ఇప్పుడే బల్ల ఎక్కించాలి. మీ వైపెవరికీ లేదా? పిల్లలకి?"

"మా వంశంలో ఆ పేరే ఎరగం తల్లీ."

సోనా జారుహి మీదకు వంగింది. "నీకమ్మా? ఎప్పుడైనా ఇలాంటి నొప్పులొచ్చాయా? రోజూ వేసుకునే మాత్రలున్నాయా?"

జారుహి చూపు డాక్టరును దాటి అత్త మీద ఆగింది. ఇన్నేళ్ళూ ఒక్క మనిషైనా ఒప్పుకుంటే చాలని ఆ పిల్ల కాచుకున్న జబ్బు అది. చలిలో, ఎండలో, పురుటి మంచం మీద కూడా నిజమే, నమ్మండి అని మొత్తుకున్న జబ్బు. తన నోటితోనే ఇప్పుడది లేదనాలి.

"లేదండీ," అంది జారుహి. "ఎప్పుడూ రాలేదు. మాత్రల్లేవు."

అంతే, చక్రాల బల్ల కదిలింది. తలుపులు ఊగి మూసుకున్నాయి. ఆర్తక్ మోచేతి మీద గోటి గుర్తులు తడుముకుంటూ, "ఏమైనా అయితే?" అన్నాడు. సిరానుష్ చెప్పింది ప్రాణం పోసే అబద్ధమో, తీసే అబద్ధమో ఆ తలుపు తెరుచుకుంటే గానీ తెలియదు. బెంచీ మీద కూర్చుని, చేతులకు ఇంకా పిండి అంటుకుని ఉన్నట్టు రెండూ రుద్దుకుంటూనే ఉంది.

చాలాసేపటికి సోనా బయటికి వచ్చింది. నుదుటి మీద టోపీ గీత పడి ఉంది.

"బతుకుతుంది," అంది ముందు. ఆ తర్వాతే మిగతాది చెప్పింది. అపెండిక్స్ పగిలిపోయింది, పొట్టంతా చీము, కడిగి గొట్టం పెట్టాం, కొన్ని రోజులు ఇక్కడే ఉండాలి. ఆర్తక్ మొహం గోడకు ఆనించి భోరుమన్నాడు. సోనా అతనిని ఏడవనిచ్చి, సిరానుష్ పక్కన బెంచీ మీద కూర్చుంది.

"లోపల పాత అతుకులున్నాయి పెద్దమ్మా. ఇవాళ్టివి కావు. ఏళ్ళ తరబడి మంట వచ్చి పోతూ ఉంటే తప్ప అలా అవదు." గొంతు తగ్గించింది. "ఆమెకి వాయిదాల జబ్బుంది. అవునా?"

"ఉంది."

"మాత్రలు?"

"రోజూ వేసుకుంటుంది."

"నా మొహం మీద అబద్ధం చెప్పారు. మత్తిచ్చేవాళ్ళకి అది తెలియాలి. ఆమె ప్రాణంతో ఆడారు మీరు."

"చెప్తే కోసేదానివా తల్లీ?"

సోనా చేతిలోని టోపీని మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది. "ఇవాళ కాదు," అంది చివరికి. "రేపు పొద్దుటిదాకా చూసేదాన్ని."

"రేపు పొద్దుటికి?"

సోనా లేచి, రెండడుగులు వేసి, వెనక్కి తిరిగింది. "ఇంకెక్కడా ఇలా చెప్పకండి," అంది. తిట్టో, బతిమాలడమో తెలియని గొంతు అది. సిరానుష్ తల ఊపింది. గెలిచినట్టు ఆమెకు అనిపించలేదు. ఆసుపత్రి మెట్ల మీదకు వెళ్ళి అక్కడ, ఒంటరిగా, అప్పుడు ఏడ్చింది.

మర్నాడు మధ్యాహ్నానికి జారుహిని వార్డులోకి మార్చారు. ముక్కులో గొట్టం, పొట్ట పక్కన గొట్టం. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. సిరానుష్ తడిగుడ్డతో వాటిని అద్దుతూ, ఎలా మొదలుపెట్టాలో తెలియక ఊళ్ళో సంగతులు చెప్పింది. నొయెమ్ మానెని తన దగ్గర పడుకోబెట్టుకుందట. మిగిలిన లవాష్ ఆరబెట్టి, గుడ్డ కప్పి పెట్టిందట. "ఏమైంది, ఏమైంది అని వంద సార్లు ఫోన్ చేసింది. ఏం చెప్పాలో తెలీక నేను ఎత్తలేదు, ఆర్తక్ మాట్లాడాడు," అంది. అని గుడ్డ పక్కన పెట్టేసింది. "నేనే చంపేసేదాన్ని నిన్ను."

జారుహి ఖండించలేదు. అయ్యో అలా అనకు అత్తా అని మర్యాదకైనా అనలేదు. కాసేపటికి, గొట్టం వల్ల గొంతు గీరుకుపోతుంటే, ఆగి ఆగి మాట్లాడింది.

"ముందేమో లేని జబ్బన్నావు. తర్వాత ఏదొచ్చినా ఆ జబ్బే అన్నావు. నిన్న మళ్ళీ లేదన్నావు." ఊపిరి తీసుకుంది. "నీ మాట పట్టుకుని బతకడం చాలా కష్టం అత్తా."

పక్క మంచం మీది ముసలావిడ ఇటు తిరిగి చూసింది. ఇంకో రోజైతే సిరానుష్ ఒకటికి పది అప్పజెప్పేది. ఇవాళ ఒక్కటి కూడా రాలేదు. స్టూలు మంచానికి దగ్గరగా లాక్కుని, కోడలి మొహం కనబడేలా వంగింది.

"నొప్పిగా ఉందా?"

"ఉంది."

"ఎక్కడ?"

పెళ్ళై వచ్చిన నాటి నుంచీ ఆ ఇంట్లో ఈ మాట ఎవరూ జారుహిని అడగలేదు. ఆమె వెంటనే చెప్పలేదు. కళ్ళు మూసుకుని, ఎక్కడెక్కడ ఉందో ఒక్కొక్కటే చూసుకుంటున్నట్టు, చాలాసేపు ఊరుకుంది. సిరానుష్ తొందరపెట్టలేదు. ఆమె చెప్పేదాకా నోరు మూసుకుని అలాగే కూర్చుంది.